పోసినవాడే చేసినవాడు

ఏ సమాజమైనా పూర్తిగా నాగరికమైందని చెప్పడానికి ఒకటే గుర్తు: అక్కడ తప్పు చేసినవాడు తప్ప మిగతా అందరూ దానికి బాధ్యత వహిస్తుంటారు. ఈ లెక్కన మన తమ్ముడు బతికే నగరం మిగతా నగరాలకంటే రెండాకులు ఎక్కువే చదివింది. తాగినవాడు తప్పు చేస్తే తాగినవాణ్ణి పట్టుకోవడం మోటు పద్ధతి అనీ, అతని గ్లాసు నింపిన చేతిని పట్టుకోవడమే శాస్త్రీయమనీ పెద్దలు తేల్చారు. అందుకోసం ఒక చట్టాన్నీ, చట్టం కోసం ఒక శాఖనూ, శాఖ కోసం మూడంతస్తుల భవనాన్నీ, భవనం ముందు ఒక క్యూనూ ఏర్పాటు చేశారు.

శాఖ పేరు పానానంతర చర్యల శాఖ. చట్టం సారమంతా మొదటి పేజీలోనే ఉంది: పోసినవాడే చేసినవాడు. మందు గొంతు దిగినప్పటి నుంచి నిద్ర పట్టేవరకు తాగినవాడు చేసే ప్రతి పనీ, బారులో అతని గ్లాసు నింపిన ఉద్యోగి చేసినట్టే లెక్క. (నిద్ర పట్టని జబ్బున్న కస్టమర్ల విషయంలో ఈ బాధ్యత ఎప్పుడు ముగుస్తుందన్న ప్రశ్న ఒక ఉపసంఘం పరిశీలనలో ఉంది. ఉపసంఘానికి మాత్రం నిద్ర బాగానే పడుతోంది.)

బాధ్యత అంటే మాటలు కాదు కనుక, పోసేముందే అంచనా వేసుకోవడానికి శాఖవారు ‘మత్తుమిత్ర’ అనే యాప్ కూడా ఇచ్చారు. గ్లాసులో చుక్క పడాలంటే, తాగాక ఆ కస్టమరు ఏం చేయబోతున్నాడో బారు ఉద్యోగి అందులో ముందుగా నమోదు చేయాలి. పాడుట, ఏడ్చుట, పాత స్నేహితుడికి ఫోను చేయుట, నిజం చెప్పుట, ఇతరములు అని గడులు ఉంటాయి. ‘నిజం చెప్పుట’ నొక్కితే పై అధికారి అనుమతి తెచ్చుకోవాలి. ‘ఇతరములు’ నొక్కితే ఫోను దానంతటదే ఆగిపోతుంది.

చట్టం వచ్చాక న్యాయం పరుగులు తీసింది. తాగిన మైకంలో ఒక కస్టమరు ఉద్యోగానికి రాజీనామా చేస్తే, అతనికి పోసిన ఉద్యోగి మర్నాటి నుంచి వెళ్ళి ఆ ఉద్యోగం చేయవలసి వచ్చింది. (అక్కడ అతను బాగా పనిచేసి పైకొచ్చాడట. ఆ ప్రమోషను మాత్రం కస్టమరు ఖాతాలో పడిందని వినికిడి.) ఇంకొక కస్టమరు తాగి ఎవరినో పెళ్ళాడతానని మాటిచ్చాడు, పోసినవాడు వెళ్ళి ఆడపిల్ల మేనమామ ఎదుట తన జీతమెంతో, పళ్ళు సొంతవో కావో చెప్పుకున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. దానికి కౌంటర్లూ టోకెన్లూ పెట్టి నడిపిన ఘనత ఈ శాఖది.

ఇక మన తమ్ముడు. బారు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి వచ్చినవాళ్ళంతా ‘తమ్ముడూ’ అని పిలవడం మామూలే. ఇతన్ని అలా పిలిచే హక్కు నిజంగా ఉన్న అక్క ఒకతె ఉంది. ఆ అక్కకొక భర్త ఉన్నాడు. పలకల దుకాణంలో, అంటే గచ్చుకూ గోడలకూ పరిచే పలకలు అమ్మేచోట మేనేజరు. రోజూ సాయంత్రం పని ముగించుకుని ఇదే బారుకు వచ్చి, బావమరిది చేతిమీదుగానే తాగుతాడు. ఒకరోజు ఆ తమ్ముడికి శాఖ నుంచి నోటీసు వచ్చింది.

‘గత ఆదివారం సాయంత్రం మీరు, మీ బావగారి శరీరాన్ని సాధనంగా వాడుకొని, మీ సొంత అక్కగారి ఎడమ మణికట్టు విరిచినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో స్వయంగా హాజరై తెలుపగలరు.’

తమ్ముడు శాఖకు వెళ్ళి, ఆ సాయంత్రం తాను కౌంటరు దగ్గర గ్లాసులు తుడుస్తున్నానని విన్నవించుకున్నాడు.

“గ్లాసులు తుడిచింది మీ శరీరం. చెయ్యి విరిచింది మీ బాధ్యత. రెండూ కలిపేసుకుంటే ఎలాగండీ?” అన్నాడు గుమాస్తా, చిన్నపిల్లాడికి చెప్పినంత ఓపికగా.

ఇక్కడ తమ్ముడి వృత్తిలోని ఒక మర్యాద గురించి చెప్పాలి. ఆ బారులో ఎవరికైనా నాలుక మడత పడిందంటే, ఆ తర్వాతి గ్లాసు నుంచి వాళ్ళకు మందు పోయరు. చల్లారిన టీ డికాషన్ పోసి, ఘాటు కోసం నాలుగు చుక్కల అల్లం రసం పిండి, వాసన కోసం గ్లాసు అంచుకు మాత్రం అసలు సరుకు రాస్తారు. పనివాళ్ళు దీన్ని ‘చల్లబెట్టడం’ అంటారు. తాగేవాడు కనిపెట్టలేడు, పైగా మూతి తుడుచుకుని, ఇవాళ సరుకు గట్టిగా ఉందని మెచ్చుకుంటాడు. ఇళ్ళకు మనుషులు క్షేమంగా చేరడానికి ఏ చట్టం చేసిన మేలుకంటే ఈ డికాషన్ చేసిన మేలే ఎక్కువ.

బావను మాత్రం తమ్ముడు మొదటి గ్లాసు నుంచే చల్లబెడుతున్నాడు. దానికి కారణం అక్క. కందిన చెంపతో ఎప్పుడు కనిపించినా ఆవిడ ఒకే మాట అనేది: “మందు లోపలికి పోతేనే ఆయన మనిషి కాదు. లేకపోతే మనసు వెన్నరా.” ఆ వెన్న బయటపడే రోజు కోసం తమ్ముడు ఎండాకాలం ముందు నుంచీ డికాషన్ కాస్తున్నాడు. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, వెన్న జాడ లేదు.

ఒక వానసాయంత్రం బావ గొడుగు మరిచిపోయి వెళితే, ఇచ్చి వద్దామని తమ్ముడు వెనకే వెళ్ళాడు. బావ చక్కగా నడుస్తున్నాడు. సిగ్నలు దగ్గర ఆగాడు. మందుల షాపతన్ని కుశలం అడిగాడు. తన పలకల దుకాణం యజమాని కారు ఆగితే వంగి మాట్లాడి, రేపు రావలసిన సరుకు వివరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాక చుట్టూ ఒకసారి చూశాడు. చొక్కా గుండీ ఒకటి ఊడదీశాడు, జుట్టు చేత్తో చెరిపేసుకున్నాడు, ఆ తర్వాత గోడ పట్టుకుని తూలడం మొదలుపెట్టాడు. తమ్ముడు గొడుగు ఇవ్వకుండానే వెనక్కి వచ్చేశాడు. ఆ సంగతి అక్కకు చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వెన్న అన్న ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ కాపురం ఈదుతోంది. దాన్ని లాగేస్తే ఏమవుతుందోనని భయపడ్డాడు. భయపడుతూనే డికాషన్ కాశాడు. ఈలోగా మణికట్టు విరిగింది.

నోటీసు పట్టుకుని బారు యజమానురాలి దగ్గరికి వెళితే ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మందు పోశానని ఒప్పుకో. దానికి ఒక క్షమాపణా, కొన్నాళ్ళు నీ మందు పోసే లైసెన్సు పక్కన పెట్టడం, అంతే. టీ పోశానన్నావో, అది మోసం. నీ లైసెన్సు జన్మకు తిరిగి రాదు. ఇరవయ్యేళ్ళుగా నీకొచ్చిన పని ఇదొక్కటే కదరా అబ్బాయ్.”

“నేను ఒప్పుకుంటే అక్క ఆయనతో వెళ్ళిపోతుందమ్మా.”

“మొగుడితో వెళ్ళక నీతో ఉంటుందా?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికి వస్తే అక్క ఒంటిచేత్తో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కట్టు కట్టించుకున్నప్పటి నుంచి తమ్ముడి రెండు గదుల అద్దె ఇంట్లోనే ఉంటోంది.

“విచారణ అయిపోగానే అటునుంచి అటే ఇంటికి వెళ్తాన్రా. మీ బావ కబురు పెట్టారు. ఇక మందు ముట్టనని ఒట్టేశారట,” అంది.

“ముట్టకపోతే మారతాడంటావా అక్కా?”

“మందే కదరా ఇదంతా చేసింది. నువ్వు పోశావని నాకు నీ మీద కోపం లేదు. నీ ఉద్యోగం అది.”

తమ్ముడు ఆవిడ పక్కన కూర్చుని మిగిలిన చిక్కుడుకాయలు ఒలిచాడు.

విచారణ రోజు హాలులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చట్టమే నిర్ణయించింది. తమ్ముడు నిందితుల బల్ల మీద కూర్చున్నాడు. చేతికి కట్టుతో అక్క సాక్షుల బల్ల మీద కూర్చుంది. బావను బాధితుల వరుసలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. (అతని శరీరాన్ని అతని అనుమతి లేకుండా వాడుకోవడం జరిగింది కనుక.) విచారణ జరిపే అనంతరాధికారి దయగల మనిషి. బావను చూసి, ఇప్పుడు ఎలా ఉందని ముందుగా అతన్నే అడిగాడు.

“నిద్ర సరిగ్గా పట్టడం లేదండి. జరిగిందేదీ నాకు గుర్తే లేదు. తల్చుకుంటే బాధగా ఉంటుంది,” అన్నాడు బావ.

“గుర్తులేనిది తల్చుకోవడం కష్టమే,” అని అధికారి సానుభూతిగా రాసుకుని, అక్క వైపు తిరిగాడు. “మీ చెయ్యి విరిచినందుకు మీ తమ్ముణ్ణి క్షమిస్తున్నారా అమ్మా?”

“తోడబుట్టినవాడు కదండీ. క్షమించక ఏం చేస్తాను?”

“సంతోషం. నిందితుడు నేరం ఒప్పుకుంటే, మీరు ఇవాళే మీ ఇంటికి వెళ్ళిపోవచ్చు. శాఖ తరఫున ఆటో కూడా పిలిపిస్తాం.”

అక్క సంచి అప్పటికే పక్కన సర్ది ఉంది. తమ్ముడు ఆ సంచిని చూశాడు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగం ఒకసారి కళ్ళముందు తిరిగింది. లేచి నిలబడ్డాడు.

“నేను మందు పొయ్యలేదండి. బావకు నేను పోసేది టీ డికాషన్. ఎండాకాలం ముందు నుంచీ ఆయన మా బారులో చుక్క మందు తాగలేదు.”

అందరికంటే ముందు తేరుకున్నది బావ. ముఖం ఎర్రబడిపోయింది.

“చూశారా అండీ ఇతని మోసం. రోజంతా కష్టపడి వచ్చినవాణ్ణి, తాగుతున్నాననే అనుకున్నాను. నాకు ఒక్కసారైనా అనుమానం రానివ్వలేదు. బయట తెలిస్తే నా పరువేం కావాలి?”

అక్క అతని వైపు చూడలేదు. తమ్ముడినే చూస్తోంది.

“ఆదివారం కూడానా?”

“ఆదివారం కూడా టీయే అక్కా.”

“కంచాలు విసిరిన రోజు?”

“ఆ రోజు కూడా.”

“నన్ను వానలో బయట నిలబెట్టి తలుపేసుకున్న రోజు?”

“ఆ రోజు అల్లం కూడా ఎక్కువ పిండానక్కా. జలుబుగా ఉందన్నాడు.”

అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. ఏడవలేదు. ఇన్నేళ్ళూ సీసా మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ దించాలో తెలియక అలాగే కూర్చుంది. చెప్పేశానన్న తేలిక తమ్ముడికి కలగలేదు. ముందే చెప్పి ఉంటే ఆ చెయ్యి బాగుండేది కదా అనుకున్నాడు.

అనంతరాధికారి చట్టాన్ని ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిరగేశాడు. “ఇందులో పోసినవాడున్నాడు, తాగినవాడున్నాడు. తాగకుండా కొట్టినవాడు ఎక్కడా లేడేం?”

“అలాంటివాళ్ళు ఉండరని ముసాయిదా రాసేటప్పుడు అనుకున్నారండి,” అన్నాడు గుమాస్తా. “సంసారుల ఇళ్ళు కదా అని.”

భోజన విరామం తర్వాత తీర్పు వచ్చింది. కస్టమరుకు న్యాయంగా ఎక్కవలసిన మత్తును ఎక్కనివ్వకుండా చేసినందుకు తమ్ముడి లైసెన్సును శాశ్వతంగా రద్దు చేశారు. బావ మత్తులో లేడని రుజువైంది కనుక, అతను చేసిన పని పానానంతర చర్య కాదనీ, ఉత్త చర్య అనీ, ఉత్త చర్యలు ఈ శాఖ పరిధిలోకి రావనీ నిర్ధారించారు. అక్క చెయ్యి విరిగిందన్న విషయాన్ని శాఖ అంగీకరించింది. విరిచినవారి గడిలో గీత పెట్టింది. బావ కోరిక మీద, అతను మద్యం ముట్టని మనిషి అని ఒక ధ్రువపత్రం కూడా అప్పటికప్పుడే టైపు చేయించి ఇచ్చారు.

బయట శాఖవారు పిలిపించిన ఆటో వచ్చి నిలబడింది. బావ ధ్రువపత్రాన్ని జేబులో జాగ్రత్తగా పెట్టుకుని, అక్క సంచి అందుకోబోయాడు.

“పద, ఇంటికి వెళ్దాం. అసలు తాగనేలేదని తేలిపోయిందిగా. ఇంక నీకు బాధేముంది?”

అక్క సంచిని బాగున్న చేతిలోకి మార్చుకుంది.

“మీరు తాగి ఉంటే వచ్చేదాన్నండీ,” అంది.

తమ్ముడూ అక్కా బస్టాపు వైపు నడిచారు. ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం లేదు, ఒకరికి ఇల్లు లేదు. బస్సు ఎంతకీ రాలేదు.

శాఖ మాత్రం ఈ అనుభవాన్ని ఊరికే పోనివ్వలేదు. ఆ వారాంతానికే అన్ని బార్లకూ సవరణ ఉత్తర్వు అందింది: ఇకమీదట పెళ్ళయిన కస్టమర్లకు అసలైన మందే, లోటు రాకుండా పోయాలి, లేనిపక్షంలో ఇళ్ళలో జరిగేవాటికి బాధ్యులెవరో తేల్చడం శాఖకు కష్టమవుతోంది.