బూడిద మండలి

ఒక పెద్ద అడవిలో ఎలుగుబంట్లు ఇనుప కొలిమి నడిపేవి. కొలిమి బొగ్గు మింగి బూడిద కక్కేది. ఆ బూడిద గుట్టయి కూర్చుంది. గాలి వీస్తే చాలు, అడవంతా దగ్గేది. అందరికంటే ఎక్కువ దగ్గేవి ఉడుము మేస్త్రీ పిల్లలు. దాని కాపురం గుట్ట పక్కనే, ఇప్పచెట్టు తొర్రలో.

పిల్లల దగ్గు వినలేక ఉడుము ఒక ఉపాయం పన్నింది. సిమెంటు తగ్గించి, ఆ లోటు బూడిదతో పూడ్చి, వాగు మీద వంతెనకు కాంక్రీటు పోసింది.

వారం తిరక్కుండానే నక్క వచ్చి గోరుతో గీకి చూసింది. "మెత్తగా ఉందేమిటయ్యా?"

"బూడిద కలిసింది కదండీ, నిదానంగా గట్టిపడుతుంది. ఓపిగ్గా తడుపుతూ ఉంటే రాతికి తాతవుతుంది," అంది ఉడుము.

అన్నట్టే అయింది. మూడు నెలలకు ఏనుగు నడిచినా వంతెన కదల్లేదు. సింహం మురిసిపోయి బూడిద మండలి పెట్టింది. దానికి నక్క అధ్యక్షుడు, కొంగ కార్యదర్శి. పని మాత్రం ఉడుముదే.

నీటితొట్లు, గట్లు పోసేకొద్దీ గుట్ట తరిగింది, పిల్లల దగ్గు తగ్గింది. ఉడుముకు ప్రాణం లేచొచ్చింది. నక్కకు పోయినంత పనైంది.

"ఏటికేడు రెట్టింపు బూడిద వాడతామని రాజుగారికి మాటిచ్చాం. గుట్ట చూస్తే అడుగంటింది. ఇప్పుడెలా?"

"బూడిద కావాలంటే ఏదో ఒకటి కాల్చాలి కదండీ," అంది కొంగ వినయంగా.

మర్నాడే చెట్లకు సున్నంతో అంకెలు వేశారు. ఒకటో అంకె ఇప్పచెట్టుకు పడింది.

ఉడుము పరుగున వచ్చింది. "అయ్యా, కట్టెల బూడిదకు ఆ పట్టు రాదు. అయినా గుట్ట పోవాలనే గదా మొదలెట్టాం?"

"నువ్వు మేస్త్రీవి, పోత పోసుకో. ఎందుకన్నది మండలి చూసుకుంటుంది. పర్యావరణం కోసం ఒక్క చెట్టు వదులుకోలేవా?" అంది నక్క.

తొర్ర కాలుతుంటే ఉడుము పిల్లల్ని వీపునేసుకుని వంతెన దాటి అవతలి అడవికి నడిచింది. వెనకాలే కుందేళ్లు, జింకలు, ఏనుగులు. ఆఖరికి ఎలుగుబంట్లు కూడా కొలిమి తిత్తులు భుజానేసుకుని బయల్దేరాయి.

ఇవతల చెట్లన్నీ కాలి, పాతదాన్ని మించిన బూడిద గుట్ట లేచింది. నక్క నివేదిక చదివింది. "లక్ష్యాన్ని మించిపోయాం మహాప్రభో."

"సంతోషం. చప్పట్లు కొట్టేవాళ్లేరీ?" అంది సింహం.

"మన వంతెన జనానికి బాగా ఉపయోగపడింది ప్రభూ. ఒక్కరోజులో అడవి మొత్తం దాటేసింది."

నీతి: చెత్తకు గిరాకీ పెరిగితే, ముందు చెత్తయ్యేది పనికొచ్చేదే.