దోబ్రింకా గోదాము ఏ తరగతి?

మనిషి ఒంటికి హాని చేసేది బరువు కాదు, ఎత్తు కాదు, కత్తి పదునూ కాదు. తరగతి! తాను ఏ తరగతి పని చేస్తున్నాడో తెలియకుండా పని చేసేవాడికి ఏ క్షణాన ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

అందుకే బల్గేరియాలోని మా ప్లోవ్‌దివ్‌లో ప్రమాద బీమా వాళ్లు ప్రతి వ్యాపారాన్నీ కూర్చోబెట్టి, దాని అపాయమెంతో తూచి, దానికి ఒక తరగతి కేటాయిస్తారు. ఇంత ఉపకారాన్ని కూడా వేధింపు అనే మహానుభావులు ఉన్నారు. వాళ్ల కోసమే దోబ్రింకా సంగతి చెప్పవలసి వస్తోంది.

దోబ్రింకా కరంఫిలోవా ఊరి చివర టోకు మార్కెట్టులో గోదాము నడుపుతుంది. యాభై నాలుగేళ్ల మనిషి. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. తండ్రి నుంచి వచ్చిన వ్యాపారం. ఉప్పునీళ్లలో తేలే తెల్ల చీజ్ టిన్నులు, ల్యూతెనిత్సా అనే ఎర్ర మిరపకాయల పచ్చడి సీసాలు, అక్రోటు బస్తాలు, చలిగదిలో చేపలు. ఇవన్నీ తెప్పించి చుట్టుపక్కల దుకాణాలకూ హోటళ్లకూ పంపుతుంది. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "తిండి సామాను అమ్ముతాను" అని ఊరుకునేది. పాపం, తానేం చేస్తోందో తనకే తెలియదు!

మార్చిలో ఆ అజ్ఞానం తీరింది. బీమా కార్యాలయం నుంచి స్తమెన్ అనే అధికారి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు, మణికట్టుకు, వసంతం వస్తోందని మార్చిలో ఇక్కడందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ దారం. చంకలో నలభై ఆరు పేజీల ఫారం.

"మీ సంస్థ ప్రధాన కార్యకలాపం ఏమిటి మేడమ్?"

"తిండి సామాను టోకుగా అమ్ముతాం బాబూ."

"అమ్మడమేనా? ఇంకేమీ చెయ్యరా?"

అంటూ చుట్టూ చూశాడు. అక్కడ బల్ల ముందు కున్చో నిలబడి, ఏదో హోటలు కోసం చీజ్ దిమ్మ కోస్తున్నాడు. కున్చోకి యాభై ఎనిమిదేళ్లు. దోబ్రింకా తండ్రి ఉన్నప్పట్నుంచీ ఆ గోదాములో సామాను ఎత్తేవాడూ దించేవాడూ అతనే. దోబ్రింకాని ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"ఆయనేం చేస్తున్నారు?"

"కనబడట్లేదా? చీజ్ కోస్తున్నాడు."

పెన్ను టక్కుమంది. "కోస్తున్నారా! అయితే అది ఆహార తయారీ."

"తయారీ ఏంటయ్యా? కోయకముందూ చీజే, కోశాకా చీజే కదా!"

"కోయకముందు ఒకటుంది మేడమ్. ఇప్పుడు రెండున్నాయి. ఆ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు తయారు చేస్తేనే గదా!"

మీరైనా ఏం జవాబు చెబుతారు? ఇన్నేళ్లుగా మా ఊళ్లో పొద్దున్నే చీజ్ కోసుకుని తిన్న ప్రతివాడూ తనకు తెలియకుండానే ఒక కార్ఖానా నడిపాడన్నమాట!

స్తమెన్ ముందుకు నడిచాడు. చలిగది తలుపు తెరిచి "శీతల గిడ్డంగి" అని రాసుకున్నాడు. వ్యాను చూసి "రవాణా" అన్నాడు. అక్రోటు బస్తా విప్పి చిన్న సంచుల్లో పోసి ఉండటం చూసి "ప్యాకింగ్ పరిశ్రమ" అన్నాడు. పాపం తిరిగి తిరిగి అలిసిపోయాడని దోబ్రింకా ఒక రొట్టెముక్క మీద ల్యూతెనిత్సా దట్టంగా పూసి చేతికిచ్చింది. ఇష్టంగా తిన్నాడు. వేళ్లు నాకాడు. ఇంకో ముక్క అడిగాడు. అదీ తిని, మూతి తుడుచుకుని "భోజనశాల" అని రాసుకున్నాడు.

"అన్నిటికీ కలిపి ఒక్క తరగతి వేసెయ్యి నాయనా, పుణ్యముంటుంది," అంది దోబ్రింకా.

"ఒక్కటే వెయ్యాలంటే అన్నిట్లోకీ ఎక్కువ అపాయం ఉన్నదే వెయ్యాలి. ప్రీమియం కూడా దాని ప్రకారమే కట్టాలి. అలా కాకుండా ఏ పని ఎక్కడ జరుగుతుందో హద్దులు గీసి చూపించారనుకోండి, దేని తరగతి దానికే."

హద్దులు గీశారు. నేలంతా పసుపు గీతలే! ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఒకటో తరగతి, అక్కడ్నుంచి చలిగది దాకా రెండు, చలిగది మూడు, వ్యాన్లు ఆగే చోటు నాలుగు. ప్రతి గీత దగ్గరా ఒక పుస్తకం వేలాడదీశారు. గీత దాటేవాడు వేళ రాసి సంతకం చేసి దాటాలి. చీజ్ కోయడం మానేశారు. కత్తి బదులు సన్నటి తీగె వాడితే అది కోత కాదు, విడదీత అని స్తమెన్ దయతలిచాడు. హోటలు వంటవాడెవడో ఫోన్ చేసి "అర దిమ్మ కోసి పంపండి" అంటే దోబ్రింకా ఉలిక్కిపడి "ఆ మాట ఫోన్లో అనకు!" అని కసిరింది.

"అమ్మాయ్, ఇప్పుడు నేను ఏ క్లాసులో ఉన్నాను?" అని కున్చో చలిగదిలోంచి అరిచేవాడు.

"మూడులో ఉన్నావన్నా. ఆ చేపల పెట్టె తీసుకుని నాలుక్కి రా."

"చిన్నప్పుడు మూడు దాటడానికి నాకు ఐదేళ్లు పట్టింది. ఇక్కడ పొద్దుట్నుంచి ఆరుసార్లు పాసయ్యాను!"

దోబ్రింకా పడీపడీ నవ్వేది. మళ్లీ ఫారంలో తల దూర్చేది. ఎందుకంటే నలభై ఆరు పేజీలు ఊరికే నిండవు. విడదీసే తీగె మందమెంత? గోదాములో ఏకకాలంలో గరిష్ఠంగా ఎన్ని సీసాల మూతలు తెరిచి ఉంటాయి? రుచి చూడటం వృత్తిలో భాగమా, అలవాటా? రోజులు అలా గడిచాయి. ఆమె కూడా ఈ విద్యలో ఆరితేరింది. స్తమెన్ వస్తే ఎదురు ప్రశ్నలు వేసి, అక్రోటు సంచి ప్యాకింగ్ కాదు, "పరిమాణ సవరణ" అని ఒప్పించింది. ఆ రోజు పడినంత ఆనందం ఆమె తన పెళ్లిలో కూడా పడలేదు!

ఏప్రిల్లో ఒక రోజు కున్చో వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అమ్మాయ్, చలిగది గడప దగ్గర ఇనప పట్టీ లేచిపోయింది. కాలికి తగులుతోంది."

ఆమె ముప్పై ఒకటో పేజీలో ఉంది. తల ఎత్తలేదు.

"ఆగన్నా. ఆ గడప మూడులోకి వస్తుందో నాలుగులోకి వస్తుందో ఇంకా తేలలేదు. తేలాక బాగుచేయిద్దాం. ఇప్పుడు ముట్టుకుంటే మొత్తం మారిపోద్ది."

"గడపకి క్లాసేంటే?" అన్నాడు కున్చో. కానీ ఆమె అప్పటికే ముప్పై రెండో పేజీకి వెళ్లిపోయింది. అతను వెళ్లి ఆ పట్టీని బూటుతో తొక్కి అణిచాడు. అది కాస్త అణిగి, మళ్లీ లేచింది.

జూన్‌లో ఒక మంగళవారం, పొద్దున పది గంటలకి, చీజ్ టిన్ను ఎత్తుకుని చలిగదిలోంచి వస్తున్న కున్చో కాలు ఆ పట్టీకి తగిలింది. పదిహేడు కిలోల టిన్ను అతని ఎడమ పాదం మీద పడింది. ఉప్పునీళ్లు నాలుగు తరగతుల్లోకీ సమానంగా పారాయి.

దోబ్రింకా పరుగెత్తింది. ఒక్క పుస్తకంలోనూ సంతకం పెట్టలేదు. బూటు ఊడదీసి, పాదం ఒళ్లో పెట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా అతన్ని తిడుతూనే ఉంది. అతను పళ్లు బిగించి "చీజ్ మాత్రం విడదీయలేదమ్మాయ్, దానంతటదే విడిపోయింది" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పాదంలో మూడు ఎముకలు విరిగాయి.

ఇప్పుడే కదా తరగతి మహిమ తెలిసేది! పని చేయలేని రోజులకు కున్చోకి బీమా భృతి రావాలి. రావాలంటే ప్రమాదం ఏ తరగతిలో జరిగిందో తేలాలి. స్తమెన్ టేపుతో వచ్చాడు. కొలిచాడు. కొలిచిన కొద్దీ ముఖం పాలిపోయింది.

"మేడమ్, ఆయన ఎడమ పాదం మూడులో ఉంది. కుడి పాదం నాలుగులో ఉంది. టిన్ను మూడు దాటింది గానీ నాలుగులోకి ప్రవేశించలేదు."

"మరి ఎక్కడుందది?"

"అదే తెలియట్లేదు. మా పట్టికలో అలాంటి చోటు లేదు."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కున్చో దగ్గరికి కూడా వెళ్లాడు. మంచాన ఉన్న మనిషిని, ఆ క్షణాన ఎలా నిలబడ్డారో ఒకసారి నిలబడి చూపించమన్నాడు.

"ఏ కాలు మీద నిలబడమంటావు బాబూ? అది కూడా ఫారంలో ఉందా?" అన్నాడు కున్చో. ఉంది! ఇరవై రెండో పేజీలో ఉంది.

మూడు వారాలు గడిచినా భృతి రాలేదు. దోబ్రింకా రోజూ సాయంత్రం చీజ్ పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె తీసుకుని కున్చో ఇంటికి వెళ్లేది. అతను గడప మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకు కాస్త సుఖంగా ఉండేది.

చివరికి కార్యాలయంలో విచారణ పెట్టారు. పై అధికారిణి పర్వొలేత గారు కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పుతున్నారు. ఎదురుగా దోబ్రింకా, పక్కన చంకకర్రలతో కున్చో, గోడ దగ్గర స్తమెన్.

"సంస్థ తరఫున మీరేమైనా చెబుతారా?"

దోబ్రింకా బాగా తయారై వచ్చింది. గడప రవాణాలోకే వస్తుందని రుజువు చేయడానికి పదకొండు కారణాలు రాసుకొచ్చింది. కాగితం తీసింది. మొదటి కారణం చదవబోయి, పక్కన కట్టు కట్టిన పాదం చూసింది. కాగితం మడిచేసింది.

"ఏప్రిల్లోనే నాకు చెప్పాడమ్మా. పట్టీ లేచింది, కాలికి తగులుతోందన్నాడు. నేనే ఆగమన్నాను."

"అమ్మాయ్, ఊరుకో," అన్నాడు కున్చో మెల్లగా. "నీ నెత్తి మీదికొస్తుంది."

"రానీ అన్నా." ఆమె గొంతు హాలంతా నిండింది. "ఈ నలభై ఆరు పేజీలూ నాకు నోటికొచ్చమ్మా. తీగె మందం అడిగారు. సీసా మూతలు అడిగారు. గడప గట్టిగా ఉందా అని ఎక్కడైనా అడిగారా? మీరడగలేదు. సరే, మీరు నా గోదాములో తిరగరు. రోజుకి నలభైసార్లు దాటేదాన్ని, నేనెందుకడగలేదు? ఎందుకంటే నేను పరిమాణ సవరణ చేసుకుంటున్నాను!"

పర్వొలేత గారు మొదటి పేజీకి వెళ్లారు. చివరి పేజీ దాకా వచ్చారు. మళ్లీ మొదటికి వెళ్లారు.

"గడప ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు.

దోబ్రింకా తల దించుకుంది. "అలాగే ఉందమ్మా. విచారణ అయ్యేదాకా ముట్టుకోవద్దన్నారు."

పర్వొలేత గారు స్తమెన్ వైపు చూశారు. స్తమెన్ కిటికీ వైపు చూశాడు.

"పాదం ఈయనది. ఈయన వీళ్ల మనిషి. భృతి ఇచ్చెయ్యండి," అంటూ ఆవిడ సంతకం చేశారు. "తరగతి తర్వాత చూద్దాం. గడప సంగతి మీ పేరు మీద రాస్తున్నాను దోబ్రింకా గారూ. జరిమానా పడుతుంది."

"పడనివ్వండి," అంది దోబ్రింకా. బయటికొచ్చేటప్పుడు ఆమె కున్చో కంటే నెమ్మదిగా నడిచింది.

ఆ మధ్యాహ్నమే గోదాములో మోకాళ్ల మీద కూర్చుని గునపంతో ఇనప పట్టీ పెకలించి పారేసింది. ఖాళీ చీజ్ టిన్నులో సిమెంటు కలిపింది. కున్చో అక్రోటు బస్తా మీద కూర్చుని చంకకర్రతో చూపిస్తున్నాడు. "అటు వాలింది. ఇంకొంచెం. అబ్బా, మీ నాన్నకి ఉన్న చెయ్యి నీకు రాలేదే!"

సరిగ్గా అప్పుడు స్తమెన్ వచ్చాడు. మిగిలిన సంతకాల కోసం ఫారం పట్టుకొచ్చాడు. సిమెంటు చూశాడు. తాపీ చూశాడు. చెయ్యి తనంతట తానే జేబులోని పెన్ను మీదికి పోయింది.

"మేడమ్, ఇది... ఇది నిర్మాణ రంగం. అన్నిట్లోకీ పెద్ద తరగతి."

"రాసుకో నాయనా."

అతను రాయలేదు. అలాగే నిలబడి తడి సిమెంటు వైపు చూశాడు. మెడ వంచి ఒక పక్క నుంచి, తర్వాత ఇంకో పక్క నుంచి చూశాడు.

"కుడివైపు ఎత్తుగా ఉంది," అన్నాడు. "ఇలా వదిలేస్తే మళ్లీ ఎవరికో తగులుతుంది. మా నాన్న తాపీ మేస్త్రీ."

కోటు తీసి తలుపుకి తగిలించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. కూర్చోబోయి, గరుకు నేలా, కంకర పెళ్లలూ చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చంకలోని నలభై ఆరు పేజీల ఫారం తీసి, నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించి దోబ్రింకా చేతిలోని తాపీ అందుకున్నాడు.

"నొప్పిగా ఉందా బాబూ?" అని అడిగాడు కున్చో.

"లేదండీ," అన్నాడు స్తమెన్ సిమెంటు చదును చేస్తూ. "మెత్తగా ఉంది."