పూచీ రిజిస్టరులో పద్నాలుగు సిస్టమ్‌లు

ఈజిప్టులోని బుహైరా జిల్లా గుర్రపుడెక్క నిర్మూలన సంచాలక కార్యాలయం తన కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చాలని నిర్ణయించిన రోజు మానవ చరిత్రలో ఒక మలుపు. ఈ సంగతి చరిత్రకారులు తేల్చేదాకా ఆగకుండా సర్క్యులరు మొదటి పేరాలోనే రాసేశారు. కింద సర్కారు గద్ద ముద్ర కూడా ఉంది గనుక అది మలుపు కాదని అనడానికి దమన్‌హూర్ పట్టణంలో ఎవరికీ అధికారం లేదు.

కారణం చిన్నదే. కంప్యూటరు తెరిచింది మొదలు మూసేదాకా దాన్ని నడిపించే ఆ సిస్టమ్‌ను తయారుచేసిన విదేశీ కంపెనీ, ఇకమీదట దాని మంచిచెడ్డలు తాము చూడబోమని ప్రకటించింది. (ప్రకటించి తొమ్మిదేళ్ళయింది. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు టపా రావడానికి ఆమాత్రం పడుతుంది.) వేరే సిస్టమ్‌కు మారేందుకు ఇంజనీరు వగ్దీ అధ్యక్షతన ప్రణాళికా సంఘం ఏర్పడింది. వగ్దీ గారు ఇదే విషయం మీద కైరోలో రెండు రోజుల శిక్షణకు వెళ్ళి, మొదటి రోజు పూర్తిగా హాజరై వచ్చిన మనిషి.

మూడో అంతస్తులో ఇన్సాఫ్ బెండకాయల తొడిమలు తీస్తూ ఆ సర్క్యులరు చదివింది. ఏ కాలువలో ఎన్ని టన్నుల గుర్రపుడెక్క తీశారో, తీసినచోటే మళ్ళీ ఎంత మొలిచిందో ముప్పైనాలుగేళ్ళుగా రాస్తున్నది ఆవిడే. సర్క్యులరు చూసి ఆవిడకు బెంగేమీ కలగలేదు. ఇంట్లో తన కూతురు రిహాబ్ ఇదే పని, తల్లి ఒక గిన్నెడు క్యాబేజీ ఆకుల్లో బియ్యం చుట్టి పొయ్యి మీద పెట్టేలోపు ముగించి, చేతులు దులుపుకుని, ఉప్పు చాలిందో లేదో చూడటానికి కూడా వచ్చింది. పైగా అక్టోబరు ముప్పై ఒకటిన ఇన్సాఫ్‌కు అరవై నిండుతాయి. నవంబరు ఒకటిన రిహాబ్ కాన్పు సెలవు అయిపోతుంది. ఆ రోజు పొద్దున్న ఏడింటికి నాలుగు నెలల జుమానాను అమ్మమ్మ చేతుల్లో పెట్టి రిహాబ్ బడికి వెళ్ళాలి. ఆమెది ఏడాది ఒప్పందం మీద ఉన్న సైన్సు టీచరు ఉద్యోగం. ఆ కుర్చీ కోసం బయట పదకొండు మంది ఎదురు చూస్తున్నారని ప్రిన్సిపాల్ ప్రతి పలకరింపులోనూ గుర్తుచేస్తుంది. కాబట్టి సిస్టమ్ మారినా మారకపోయినా ఇన్సాఫ్‌కు ఒకటే.

అనుకున్న వారానికి స్టోర్‌కీపరు బయ్యూమీ గారు పూచీ రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సర్కారు కుర్చీ నుంచి సర్కారు గుండుసూది దాకా ఎవరో ఒకరి పూచీలో ఉంటుంది. పదవీ విరమణ నాడు తన పేర ఉన్నవన్నీ అప్పగిస్తేనే విడుదల పత్రం ఇస్తారు.

“ఈ సంతకం మీదేనా, మదామ్ ఇన్సాఫ్?”

పేజీ తేదీ ఇరవయ్యేళ్ళ కిందటిది. కంప్యూటరు, పద్నాలుగు. సిస్టమ్, పద్నాలుగు. అన్నీ ఆవిడ పేరుమీదే. ఆ రోజు రిహాబ్ పాలపన్ను పీకించడానికని ఆవిడ అనుమతి తీసుకుని వెళ్ళింది, మర్నాడు వచ్చి చూపించినచోట సంతకం పెట్టింది. (రానివాళ్ళ పేరున పూచీ రాయడం ఆ కార్యాలయంలో మొదటినుంచీ ఉన్న మర్యాద.)

“నాదే. కానీ వాటిలో పదకొండు ఎప్పుడో తుక్కుకి పోయాయి కదండీ.”

“కంప్యూటర్లు పోయాయి. కాగితాలున్నాయి, తూకాలున్నాయి. సిస్టమ్‌లు పోయినట్టు కాగితమేదీ?”

“అవి కంప్యూటర్ల లోపలే కదా ఉన్నాయి.”

“అంటే పూచీలో ఉన్న సర్కారు సొత్తుని ఎవరికీ చెప్పకుండా, ఇంకో సర్కారు సొత్తు కడుపులో పెట్టి గేటు దాటించారన్నమాట.”

“నేను పెట్టలేదండీ. వచ్చినప్పుడే అలా వచ్చాయి.”

“ఎవరు పెట్టారో పుస్తకం అడగదు,” అని బయ్యూమీ గారు కూర్చుని, టీలో మూడో చెంచా చక్కెర వేసుకున్నారు. “మీరంటే నాకు గౌరవం. మీ అమ్మాయి పెళ్ళిలో రెండుసార్లు వడ్డించుకుని తిన్నవాణ్ణి. కానీ పాతవి జమ కానిదే కొత్తవి దించుకోకూడదని నియమం. పద్నాలుగూ తెచ్చి నా బల్ల మీద పెట్టండి. పత్రం రాసిచ్చేస్తాను.”

“బల్ల మీద పెట్టడానికి అదేమన్నా ఇస్త్రీపెట్టా? కంటికి కనపడదు.”

“కనపడనిదాన్ని ఇరవయ్యేళ్ళు ఎలా కాపాడారమ్మా?” అన్నారాయన, నిజంగానే తెలుసుకోవాలని.

పత్రం లేకపోతే ఏమవుతుందో కూడా ఆయనే చెప్పారు. వయసు వచ్చింది గనుక ఉద్యోగం పోతుంది. పూచీ తీరలేదు గనుక మనిషి పోవడానికి లేదు. రోజూ ఎనిమిది నుంచి రెండు దాకా వచ్చి తన సొత్తుకు కాపలా కూర్చోవాలి. (హాజరు పట్టీలో సంతకం పెట్టకూడదు. అది ఉద్యోగులకు.)

ఆ సాయంత్రం ఇన్సాఫ్ ఈ సంగతి కూతురికి కొద్దికొద్దిగా చెప్పింది.

“అమ్మా, ఒకటో తారీఖంటే ఒకటో తారీఖే,” అంది రిహాబ్, పాపకు డైపరు మారుస్తూ. “మా ప్రిన్సిపాల్‌కి నువ్వీ కథ చెప్తే, ఇదే అబద్ధం నిరుడు కెమిస్ట్రీ మేడమ్ ఇంకా బాగా చెప్పిందంటుంది.”

“ఇంకా రెండు నెలలుంది కదే.”

“మీ ఆఫీసులో రెండు నెలలకి ఏమవుతుందమ్మా? నా పెళ్ళికి నువ్వడిగిన సెలవు మంజూరయ్యేసరికి నాకు మూడో నెల.”

ఇన్సాఫ్ మర్నాడే ఇంజనీరు వగ్దీ దగ్గరికి వెళ్ళింది. ఆయన గోడకు వేలాడదీసిన ప్రణాళిక ముందు నిలబడి ఉన్నాడు. అందులో మొదటి దశ, రెండో దశకు సన్నాహం. రెండో దశ, మొదటి దశ మీద సమీక్ష. కొత్త సిస్టమ్ ఉచితంగా దొరుకుతుందని ఆయన శిక్షణ మొదటి రోజే విన్నాడు. అయినా నియమం ప్రకారం ముగ్గురు సరఫరాదారుల నుంచి ధరలు తెప్పించాడు. ముగ్గురూ ఉచితమనే రాశారు. అందరికన్నా తక్కువ ఎవరిదో తేల్చడానికి ఉపసంఘం కూర్చుని ఉంది.

“మీ ఇబ్బంది నాకర్థమైంది, మదామ్,” అన్నాడు వగ్దీ. “దీనికి శాస్త్రీయమైన దారి ఉంది. తుక్కుగా జమ చేసే వస్తువుకి బరువు చూపిస్తే చాలు. మనం సిస్టమ్‌ని తూచుదాం.”

“దాన్ని ఎలా తూస్తారు బాబూ?”

“ఉన్నప్పుడు తూస్తాం, తీసేశాక తూస్తాం. తేడా ఎంతో అదే దాని బరువు. ఇందులో అర్థంకానిదేముంది?”

నిజానికి లేదు. అందుకే ఇన్సాఫ్‌కు భయం వేసింది.

మిగిలిన మూడు కంప్యూటర్లలో ఒకదాన్ని కిందికి మోసుకెళ్ళి, గుర్రపుడెక్క బస్తాలు తూచే కాటా మీద పెట్టారు. సరిగ్గా తొమ్మిది కిలోలు. తర్వాత వగ్దీ దానిలోని సిస్టమ్‌ను తుడిచేయడం మొదలుపెట్టాడు. దానికి గంటన్నర పట్టింది. తుక్కు కమిటీ సభ్యులు ముగ్గురూ నిలబడే తామియా గారెలు పెట్టిన రొట్టెలు తిన్నారు, టీ తాగారు, ఊరి కాలువ మీద పాత అధికారి కట్టించిన వంతెనను తిట్టుకున్నారు. అయ్యాక మళ్ళీ తూచారు. తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు.

“గ్లాసు తీయండి,” అంది ఇన్సాఫ్.

కంప్యూటరు డబ్బా మీద సగం తాగిన టీ గ్లాసు ఉంది. అందరూ దానివైపు చూశారు. అది గ్లాసేనన్న విషయంలో కమిటీలో భిన్నాభిప్రాయం రాలేదు. కానీ గ్లాసులన్నీ టీ చేసే సాలెహ్ పూచీలో ఉన్నవి. సాలెహ్ బావమరిది నిశ్చితార్థానికి వెళ్ళాడు. పూచీదారు లేకుండా సొత్తు కదిలించడం నేరం. అందుకని గ్లాసును ఉన్నచోటే ఉంచి, కనపడిన అంకె కనపడినట్టు నమోదు చేశారు.

“చాలా ఆసక్తికరం,” అన్నాడు వగ్దీ. “సిస్టమ్ ఉన్నప్పుడు తొమ్మిది. తీసేస్తే బరువు పెరిగింది. అంటే దీని బరువు సున్నాకి రెండు వందల గ్రాములు తక్కువ.”

“అందుకే మెట్లెక్కించేటప్పుడు తేలిగ్గా ఉండేవి,” అన్నాడు తుక్కు కమిటీలో పెద్దాయన.

పద్నాలుగు సిస్టమ్‌లకు లెక్క కట్టారు. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు తక్కువ తేలింది. బయ్యూమీ గారు ఆ అంకెను రిజిస్టరులో ఎక్కించి, ముందుకీ వెనక్కీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ముబారక్, మదామ్. మీరు సర్కారుకి ఇవ్వాల్సిందేమీ లేదు. సర్కారే మీకు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల తుక్కు ఇవ్వాలి.”

“అయితే నా పత్రం ఇచ్చేయండి.”

“అదెలా కుదురుతుంది? రెండు వైపులా తేలితేనే కదా తేలినట్టు. గిడ్డంగి నుంచి ఇనుము ఇద్దామంటే, ఇచ్చిన ఇనుము మళ్ళీ మీ పూచీలో రాయాలి. అది మీకు మంచిది కాదు. మీ మేలు కోరి చెప్తున్నాను.”

“నాకొద్దండీ. ఆ తుక్కేదో సర్కారుకే వదిలేస్తున్నాను. నవ్వుతూ వదిలేస్తున్నాను.”

వగ్దీ గొంతు తగ్గించాడు.

“మదామ్, అది విరాళమవుతుంది. సర్కారుకి విరాళం తీసుకోవాలంటే కైరో నుంచి అనుమతి రావాలి. ఇచ్చేవాళ్ళ ఉద్దేశం ఏమిటో కూడా విచారిస్తారు.”

“నా ఉద్దేశం ఇంటికెళ్ళి మనవరాల్ని ఎత్తుకోవడం.”

“అదే రాయండి,” అన్నాడాయన. “రెండు ప్రతులు.”

ఆవిడ రాసింది. అర్జీ కైరోకు వెళ్ళింది. అక్కడి నుంచి ఒక ప్రశ్న వచ్చింది, విరాళమిచ్చే తుక్కు ఇనుమా, రాగా అని. బరువు సున్నాకన్నా తక్కువ గనుక లోహం తెలియలేదని జవాబు వెళ్ళింది. ఈలోగా తుడిచేసిన కంప్యూటరులో ఏ సిస్టమూ లేకపోవడంతో అది మార్పులో సగం దూరం వచ్చినట్టేనని ప్రణాళికా సంఘం లెక్కగట్టి, సంచాలకుల దగ్గర మెప్పు పొందింది. సగం తాగిన టీ గ్లాసు ఇంకా దాని మీదే ఉంది. సాలెహ్ తిరిగి వచ్చాడు గానీ, తూకం నివేదికలో గ్లాసు లేదు గనుక, లేని గ్లాసు తీసుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.

అక్టోబరు ముప్పై ఒకటిన ఇన్సాఫ్‌కు కేకు కోశారు. తుడుచుకునేందుకు కాగితం లేకపోతే ప్రణాళిక మూడో దశ పనికొచ్చింది. నవంబరు ఒకటిన, పొద్దున్న ఏడింటికి, రిహాబ్ పాపను తెచ్చి తల్లి చేతుల్లో పెట్టింది.

“పాలసీసాలు రెండు, డైపర్లు మూడు. నిద్రొస్తే చెవి లాక్కుంటుంది, చూసుకో. అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా?”

“నువ్వు బస్సెక్కు తల్లీ,” అంది ఇన్సాఫ్.

ఎనిమిదికి ఆవిడ మూడో అంతస్తులో ఉంది. పాపను బల్ల మీద, నిరుటి గుర్రపుడెక్క దస్త్రాల నడుమ, బుట్టలో పడుకోబెట్టింది. జుమానా ఫ్యాను చూస్తూ నవ్వింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరూ మాషా అల్లాహ్ అన్నారు. బయ్యూమీ గారు బుగ్గ పుణికి వెళ్ళారు. అలా పందొమ్మిది రోజులు గడిచాయి. ఇంటికన్నా ఇక్కడే నిద్ర బాగా పోతోందని ఇన్సాఫ్ కూడా ఒప్పుకుంది. (ఆ గదిలో అది కొత్త విషయం కాదు.)

ఇరవయ్యో రోజు కైరో నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. విరాళం గురించి కాదు. సిస్టమ్ మార్పు ఎంతదాకా వచ్చిందో చూడటానికి. గదిలో ఉన్నవన్నీ రిజిస్టరుతో సరిచూస్తూ వచ్చి, బుట్ట దగ్గర ఆగాడు.

“ఇది ఎవరి పూచీ?”

“నా మనవరాలండీ.”

“చుట్టరికం అడగలేదు. పుస్తకంలో ఉందా అని అడిగాను.”

లేదు. గదిలో ఉండి పుస్తకంలో లేని వస్తువును గిడ్డంగికి తరలించాలని నియమం. బయ్యూమీ గారు గబగబా రిజిస్టరు తెరిచారు. ఆయన మంచి మనిషి. గిడ్డంగిలో ఎలుకలున్నాయని ఆయనకు తెలుసు.

“కంగారుపడకండి మదామ్, ఎక్కించేస్తున్నాను. పాప, ఒకటి. స్థితి...” అని బుట్టలోకి తొంగిచూశారు. జుమానా ఆయన కళ్ళజోడు అందుకోబోయింది. “కొత్తది.”

“ఏ పద్దు కింద వచ్చింది?” అన్నాడు అధికారి.

ఆ ఏడాది కార్యాలయానికి కొత్తవి రావడానికి మంజూరైన పద్దు ఒక్కటే ఉంది. వగ్దీ ఒక్క క్షణం ఆలోచించి, ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు పథకం అన్నాడు. అధికారి ముఖం మొదటిసారి విచ్చుకుంది. పథకం కింద కొత్తగా చేరినవి ఒకటి అని నివేదికలో రాసుకున్నాడు. జిల్లాలో మరే కార్యాలయానికీ ఒక్కటి కూడా చేరలేదట.

ఇన్సాఫ్ సంతకం పెట్టబోతూ చివరి గడి దగ్గర ఆగింది. తిరిగి జమ చేయవలసిన తేదీ అన్నచోట బయ్యూమీ గారు తన గుండ్రటి దస్తూరితో రాసి ఉంచారు, పదవీ విరమణ నాడు అని.

“ఎవరి పదవీ విరమణండీ?”

“మీది అయిపోయింది కదా మదామ్,” అన్నారాయన, బుట్టలోకి ఒకసారి చూసి, సిరా ఆరడానికి ఊదుతూ.