మావగారి సన్న ఉలి

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. మొన్న నేను ఆఫీసుకి సెలవు పెట్టింది జ్వరమొచ్చి కాదు, ఊరెళ్ళీ కాదు. ఒక ఉలికి పదును పెట్టడానికి.

మా మావగారు వడ్రంగి. ఆయన బిగించిన తలుపు మూస్తే, గాలి కూడా అనుమతి అడిగి లోపలికి రావాలి. నేనేమో బీమా ఆఫీసులో గుమాస్తాని. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయన ముందు పెన్సిలు చెక్కాను. మూడుసార్లు మొన విరిగింది. ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళి కూర్చున్నారు. అది జరిగి పన్నెండేళ్ళయింది. ఇప్పటికీ పెన్సిలు చూస్తే నాకు తల కొట్టేసినట్టుంటుంది.

వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారని, ఆయన తన పనిముట్ల పెట్టె తెచ్చి మా ఇంట్లో పెట్టారు. "వచ్చే ఆదివారం పట్టుకెళ్తాను. జాగ్రత్త" అన్నారు. ఆ జాగ్రత్త అనేటప్పుడు నావంకే చూశారు.

అప్పుడే నాకో బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. ఆ పెట్టెలో ఆయన ప్రాణంలా చూసుకునే సన్న ఉలి ఒకటుంది. పావంగుళం వెడల్పు. వాళ్ళ గురువుగారు పోతూ పోతూ ఇచ్చింది. దానికి గడ్డం గీసుకునేంత పదును పెట్టి చేతిలో పెట్టానంటే, పెన్సిలు మచ్చ చెరిగిపోతుంది. పెద్ద ఉలులుండగా సన్నదాన్నే ఎందుకు పట్టుకున్నానంటే, సన్నది కదా, తొందరగా అయిపోతుందని. అక్కడే పప్పులో కాలేశాను.

పెట్టె తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది. సోమవారం పొద్దున్నే అడిగాను.

"ఏమోయ్, మీ నాన్న పెట్టె తాళం ఒకసారి ఇస్తావా?"

"ఎందుకండీ?"

"ఊరికే. దుమ్ము దులుపుదామని."

"మన మంచం కింద దుమ్ము పన్నెండేళ్ళుగా మీకోసమే ఎదురుచూస్తోంది."

"దానికీ ఓ రోజొస్తుంది. ముందు పెట్టె."

"సాయంత్రం ఇస్తాలెండి" అంది. సాయంత్రం నిజంగానే ఇచ్చింది. అడిగింది అడిగినట్టు మా ఆవిడ ఇవ్వడం అదే మొదటిసారి. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

ఆఫీసు నుంచి వస్తూ వస్తూ హోనింగ్ గైడ్ అని ఒకటి కొనుక్కొచ్చాను. అరచేతిలో పట్టే ఇనుప బిగింపు, కింద చిన్న చక్రం. ఉలిని దాంట్లో బిగించి సానరాయి మీద ముందుకీ వెనక్కీ తోస్తే చాలు, ఎంత చేతకానివాడికైనా వాలు ఒక్కలాగే పడి పదును వచ్చేస్తుందట. 'చేతకానివాడికైనా' అన్నమాట దుకాణదారు రెండుసార్లు చెప్పాడు.

వంటగది గట్టు మీద రాయి పెట్టి పని మొదలుపెట్టాను. వెడల్పు ఉలి అయితే ఆ బిగింపులో బుద్ధిగా కూర్చుంటుంది. సన్నది కూర్చోదు, ఊగుతుంది. ఊగుతోందని ఎడమవైపు గట్టిగా నొక్కాను. అంచు ఎడమవైపుకి ఏటవాలుగా అరిగింది. సరిచేద్దామని కుడివైపు నొక్కాను. కుడివైపుకి వాలింది. మీసం రెండువైపులా సమానం చేద్దామని కత్తిరిస్తూ పోయి, చివరికి మూతి నున్నగా మిగిల్చుకున్నవాళ్ళు ఉంటారు కదా, నాదీ అదే పరిస్థితి.

మర్నాడు ఊగకుండా మందుల డబ్బా అట్టముక్క దోపాను. లాభం లేదు. మా ఆవిడ జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు చుట్టాను. రాయి మీద రెండు తోపులకి బ్యాండు తెగి ఎగిరి పాలగిన్నెలో పడింది. ఉలి మాత్రం వెన్నలా అరిగిపోతోంది. నా చేతుల్లో ఇంత బలముందా అని లోలోపల మురిసిపోయాను కూడా.

పిల్లల ఎత్తు చూడ్డానికి గోడ మీద గీతలు గీస్తారు కదా. నేనూ ఉలిని గోడకి నిలబెట్టి పూటకో గీత గీశాను. పిల్లలైతే పెరుగుతారు.

"ఈ గీతలేమిటండీ?" అంది మా ఆవిడ.

"ఉలి ఎత్తు."

"మరి కిందికి దిగుతున్నాయేం?"

నేను ఉలిని వీపు వెనక్కి దాచేశాను.

"అయ్యో, నాన్న ప్రాణం కదండీ అది! ఉండండి, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను."

"చెప్పకు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళొద్దులెండి. గిన్నెలు పట్టుకోండి."

అలా మంగళవారం గిన్నెలు తోమాను. బుధవారం మళ్ళీ ఫోన్ తీసింది, బట్టలుతికాను. గురువారం ఫోన్ చేత్తో పట్టుకుని ఊరికే అలా నిలబడింది, ఫ్యాన్లు తుడిచేశాను. శుక్రవారానికి ఫోన్ కూడా అక్కర్లేకపోయింది, గొంతు సవరించుకుంటే చాలు. మంచం కింద దుమ్ముకి కూడా ఆ రోజే రోజొచ్చింది.

ఇన్ని పనుల మధ్య ఉలికి వేళ ఎక్కడిది? అందుకే బుధవారం నుంచే సెలవు పెట్టాను. ఉలి అని రాస్తే ఇవ్వరు కదా. 'మావగారి తరఫున ముఖ్యమైన ఒకరు రోజురోజుకీ తరిగిపోతున్నారు, దగ్గరుండి చూసుకోవాలి' అని రాశాను. ఆలోచిస్తే ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆదివారం వచ్చింది. ఉలి నా చిటికెనవేలంత మిగిలింది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు. మావగారు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా, ఆయన వెనకాలే మా మేనేజరు ఆపిల్ పళ్ళ సంచీతో దిగాడు. మావగారు మొదటినుంచీ సన్నటి మనిషి. మేనేజరు ఆయన్ని చూడగానే సంచీ కింద పెట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనా? ధైర్యంగా ఉండండి. తరిగిపోవడం మన చేతుల్లో ఉందా చెప్పండి?"

"ఎవరు తరిగిపోతున్నారు?" అన్నారు మావగారు.

"పాపం, మీకు చెప్పలేదా!" అని మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంక దాచి లాభం లేదనిపించింది. చిటికెనవేలంత ముక్కని పిడితో సహా తెచ్చి మావగారి చేతిలో పెట్టి, "తరిగిపోయింది ఇదండీ మావయ్యగారూ. మీ గురువుగారి ఉలి. నేనే అరగదీశాను" అని భోరుమన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని దాచుకున్న వస్తువది.

ఆయన తిడతారనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేశారు. వంటింటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఏడవకు నాయనా. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే చేశాను. గురువుగారికి తెలియకుండా ఈ ఉలినే ఇంటికి తెచ్చి, ఇలాగే అరగదీసి పెట్టాను. మీ అత్తగారొక్కతే చూసింది. 'మీరు నోరెత్తకండి, నేను సరిచేయిస్తాను' అంది. ఎక్కడ చేయించిందో ఏమో, మర్నాటికి ఉలి కొత్తదానిలా వచ్చేసింది! ఆ మేలు మరిచిపోలేక నలభై ఏళ్ళుగా ఆవిడ మాటకి ఎదురు చెప్పలేదు. ఇప్పటికీ గిన్నెలు నేనే తోముతాను. అమ్మాయికి మాత్రం చెప్పకు."

నాకు ఆయన మీద పొంగిపోయేంత ప్రేమ కలిగింది. ఇన్నాళ్ళకి ఆయన నన్ను నువ్వు అన్నారు.

ఆయన ఆ ముక్కని గోటితో గీరి, మొహం చిట్లించారు. "ఇది ఉలేమిటి? మెత్త ఇనుము. తలుపు గడియలకి వాడే పట్టీ. దీనికి జన్మలో పదును రాదు."

మా ఆవిడ గుడ్డలో చుట్టిన ఉలి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నిగనిగలాడుతోంది.

"ఇదిగో నాన్నా నీ ఉలి. సోమవారం ఈయన తాళం అడగగానే తీసి బీరువాలో దాచేశాను. తాళాలు బాగుచేసే ఆయన చేత ఇనుప పట్టీకి పిడి వేయించి పెట్టెలో పెట్టాను."

"మరి నేను తోమిన గిన్నెలు?" అన్నాను.

"మీరు తోముతానన్నారు. నేను వద్దనలేదు."

"ఇంత ఆలోచన నీకెలా వచ్చిందే?"

"నాది కాదండీ. అమ్మకి ఫోన్ చేస్తే చెప్పింది. తనకిది కొత్తేం కాదట. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చేసిందట, ఇప్పటిదాకా పనిచేస్తూనే ఉందట."

మావగారు స్టూలు మీద కూలబడ్డారు. జేబులోంచి ఫోన్ తీశారు. కాసేపు దానివంక చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

ఇదంతా విని పకపకా నవ్వుతున్న మేనేజరు సగంలో ఆగిపోయాడు. "మా ఆవిడ పుట్టింటి పింగాణీ కూజా ఒకటి నా చేతిలో పగిలింది లెండి, పదేళ్ళ కిందట" అని గొణిగి, నా సెలవు సంగతి కూడా అడక్కుండా చెప్పులేసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

మామా అల్లుళ్ళం మిగిలాం. ఎవరి మొహం ఎవరూ చూసుకోవడంలేదు.

"కాఫీ ఎవరు పెడుతున్నారు?" అంది మా ఆవిడ.

ఇద్దరం ఒకేసారి లేచాం.