తరిమినవాడిదా, పట్టినవాడిదా?

ఆ ఆదివారానికి సింహాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పవర్ హౌస్ మార్కెట్టుకి వెళ్ళాలి, ఒక నాటుకోడిని తేవాలి, భార్య అరుణజ్యోతి చేత పులుసు పెట్టించాలి, ఇద్దరూ కూర్చుని తినాలి. ఈ పథకంలో మూడో మనిషి లేడు. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో వారమంతా స్టీల్ ప్లాంటులో క్రేను నడిపినవాడు ఈమాత్రం కోరుకోవడం అత్యాశ కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. అరుణజ్యోతి మాత్రం ఒప్పుకోలేదు.

"పదింటికి మురళీధర్ గారొస్తారండి. రేపు క్లాసులో నక్క కేసు నేనే చెప్పాలి," అంది టీ గ్లాసు చేతికిస్తూ.

సింహాద్రికి టీ చేదుగా తగిలింది. పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళిపోయాక, ఇంట్లో తోచడం లేదంటే "లా చదువుకో, తప్పేటుంది" అని ఆమెను కాలేజీలో చేర్పించినవాడు తనే. అదే కాలేజీలో, అదే క్లాసులో, ప్లాంటు అకౌంట్సులో రిటైరైన మురళీధర్ కూడా చేరతాడనీ, ఆయన ఇల్లు రిసాలి కాలనీలో తమ వెనక వీధేననీ, ఇస్త్రీ కుర్తా వేసుకుని సెంటు కొట్టుకుని వచ్చి "అరుణ గారూ" అని పిలుస్తాడనీ ముందే తెలిస్తే ఆ మాట అని ఉండేవాడు కాదు. కేసు చదివేటప్పుడు ఎదురుపార్టీగా వాదించే మనిషి ఒకరుండాలని క్లాసులో చెప్పారట. మురళీధర్ తనంతట తానే చెయ్యెత్తాడట.

పాత ఆస్తి కేసుల్లో నవ్వడానికి ఏముంటుందో గాని, ఆ ఇద్దరూ చదువుతూ చదువుతూ నవ్వేవారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా సింహాద్రికి ఒళ్ళు మండేది. దానికి మర్యాద అనో, పరువు అనో పేరు పెట్టి చెప్పొచ్చు గాని, ఉన్నమాట చెప్పుకోవాలంటే అది కుళ్ళు. తనతో మాట్లాడితే ఉప్పు అయిపోయింది, గ్యాసు అయిపోయింది అనే మనిషి, ఆయనతో నవ్వుతుందేమిటని కుళ్ళు.

"ఏటే ఆ నక్క గొడవ?" అని అడిగాడు.

"ఒకాయన కుక్కల్ని వేసుకుని నక్కని తరుముకొస్తున్నాడు. ఇంక దొరికిపోతాదనగా ఇంకొకాయన మధ్యలో దూరి, చంపి పట్టుకుపోయాడు. నక్క నాదంటే నాదని కోర్టుకెళ్ళారు. మన దేశం కాదులెండి, ఎప్పటిదో పాత కేసు."

"ఎవరికిచ్చారు?"

"పట్టుకున్నాయనకే. కాని ఎందుకిచ్చారన్నది చూడాలండి. నాలుగుసార్లు చదివితే గాని..."

"చాల్లే, తెలిసిపోయింది," అని సింహాద్రి స్కూటరు తాళం తీసుకున్నాడు.

దారి పొడుగునా ఆ తీర్పే నెమరేసుకున్నాడు. క్రేను నడిపేవాడికి ఇది కొత్త సంగతేమీ కాదు. లోడు మీదికి క్రేను వెళ్ళి నిలబడినంత మాత్రాన ఎత్తినట్టు కాదు, హుక్కు పడాలి. ఇన్నేళ్ళుగా అరుణజ్యోతిని తను తరుముతూనే ఉన్నాడా, పట్టుకున్నాడా అన్న అనుమానం కూడా ఒకసారి వచ్చింది. దాన్ని హారను కొట్టి తోలేశాడు.

మార్కెట్టులో ఎర్రపెట్టను బేరం చేసి, కాళ్ళు కట్టించి, గుడ్డసంచిలో వేయించి స్కూటరుకి తగిలించుకున్నాడు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మురళీధర్ చెప్పులున్నాయి. లోపల సింహాద్రి కుర్చీలో మురళీధర్ ఉన్నాడు. సంచి సంగతి మరిచిపోయి సింహాద్రి లోపలికి నడిచాడు.

"పొద్దుటి నుంచి కుక్కలతో తిరిగిన మనిషి కష్టం ఏమైపోవాలి అరుణ గారూ?" అంటున్నాడు మురళీధర్. "తరిమినవాడికి హక్కు లేదంటే న్యాయమేనా?"

"లేదు సార్," అన్నాడు సింహాద్రి గుమ్మంలోనే నిలబడి. "ఎంత తరిమితే ఏటి లాభం? మా క్రేనులో హుక్కు పడేదాకా లోడు నాది అనడానికి లేదు. పట్టుకున్నోడిదే కోడి... అదే, నక్క."

అరుణజ్యోతి కలం ఆపి మొగుడి వంక చూసింది. "భలే చెప్పారండి. హుక్కు మాట రేపు నేను క్లాసులో చెప్తాను," అని రాసుకుంది.

తను చెప్పిన మాటను భార్య కాగితం మీద పెట్టడం సింహాద్రి చూడడం అదే మొదలు. ఛాతీ పొంగిపోయింది. ఇంకో రెండు మాటలు వదులుదామని గొంతు సవరించుకుంటుండగా, గేటు ముందు నుంచి ఒక ఎర్రపెట్ట టకటకా పరిగెత్తింది.

"నా కోడి," అని సింహాద్రి ఒక్క గెంతు గెంతాడు. స్కూటరు పక్కనే ఉంది. ఒక్కసారి సంచిలోకి తొంగి చూస్తే సరిపోయేది. కాని మురళీధర్ చూస్తుండగా కోడి జారిపోవడమే అతనికి తలకొట్టేసినట్టుంది.

కోడి బట్టలారేసిన తీగల కింద నుంచి దూరింది, సింహాద్రి తడి చీరలో చుట్టుకున్నాడు. కోడి కారు కిందికి వెళ్ళింది, సింహాద్రి పొట్ట మీద పాకాడు. వరండాల్లోకి జనం వచ్చేశారు. "క్యా హువా భయ్యా?" అని ఎవరో అడిగితే, "కోర్టు కేసండీ" అని ఇంకెవరో జవాబిచ్చారు. ఆఖరికి కోడి తిరిగి తిరిగి సింహాద్రి ఇంటి గేటుకే వచ్చింది. అక్కడ నిలబడ్డ మురళీధర్ వంగి, రెండు చేతులతో అందుకుని గుండెకి అదుముకున్నాడు.

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. అరుణజ్యోతి కూడా కొట్టింది. అది సింహాద్రి చూశాడు.

"ఇలా ఇవ్వండి సార్, నా కోడి," అన్నాడు రొప్పుతూ.

"మీరే కదండీ అన్నారు, తరిమినవాడిది కాదు, పట్టినవాడిదని?" అని మురళీధర్ నవ్వాడు. "నక్కకో న్యాయం, కోడికో న్యాయమా?"

అందరూ నవ్వారు. సింహాద్రి నవ్వలేదు. భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎవరిది?"

అడిగింది కోడి గురించే గాని, కళ్ళు కోడి మీద లేవు. అరుణజ్యోతి సరదాకి తీసుకోలేదు. "నక్క అడవిది, అది ఎవరిదీ కాదు. అందుకే పట్టినాయనది అయ్యింది. కోడి అలాగ కాదు, పెంచుకునేది. జారిపోయినా, ఎవరు పట్టినా, అది సొంతదారుదే. మా ఆయనదే," అంది.

మా ఆయనదే. నడివీధిలో, మురళీధర్ ముందు, అంత గట్టిగా అంది. సింహాద్రి కోడిని లాక్కుని పెరట్లోకి నడిచాడు. కాళ్ళకి తాడు లేదు, ఊడిపోయిందనుకున్నాడు. రెక్క మీద గులాబీ రంగు ఉంది, బజారువాళ్ళు పూసి ఉంటారనుకున్నాడు. కుళాయి దగ్గర కూర్చుని ఆ కోడి పని కానిచ్చేశాడు.

చేతులు కడుక్కుంటుండగా నాలుగిళ్ళవతలి పోలమ్మ వచ్చింది. "ఒరే సింహాద్రీ, నా పెట్టొచ్చిందేటి ఇలగ? గుడ్లెడతన్న పెట్టరా. ఆనమాలుకని ఈ పొద్దే రెక్కకి రంగు పూసినాను, తడి కూడా ఆరనేదు."

సింహాద్రి అరచేతులు చూసుకున్నాడు. ఎంత తోమినా గులాబీరంగు పోలేదు. సరిగ్గా అప్పుడే వాకిట్లో స్కూటరుకి వేలాడుతున్న సంచి "కొక్కొక్కో" అంది.

పోలమ్మ కుళాయి వైపు చూసి నెత్తి బాదుకుంది. వరండాల్లోకి వెళ్ళిపోయిన జనం మళ్ళీ దిగి వచ్చారు.

"నేను పట్టలేదత్తా," అన్నాడు సింహాద్రి. "పట్టినోరు మురళీధర్ గారు. నేను తరిమేనంతే. తరిమినోడికి ఏ హక్కూ నేదని కోర్టే చెప్పింది."

"బాగుందండి," అన్నాడు మురళీధర్, అరచేతులు వెనక్కి పెట్టుకుని. "నేను పట్టి మీకు ఇచ్చేశాను. వీధంతా తరిమిన కష్టం ఎవరిది? మీది. మరి కోడి ఎవరిది?" ఆయన తెల్లకుర్తా మీద గుండె దగ్గర గులాబీమచ్చ చక్కగా అంటుకుని ఉంది.

పోలమ్మ ఇద్దరినీ వదిలేసి అరుణజ్యోతి చెయ్యి పట్టుకుంది. "లాయరుకి సదువుతున్నావు గదమ్మా. నా తరపున నువ్వడుగు."

అరుణజ్యోతి కొంగు నడుముకి దోపింది.

"కోడి కనబడగానే సంచి చూసుకున్నారా?"

"నేదు," అన్నాడు సింహాద్రి.

"రెక్క మీద రంగు?"

"చూసేను. బజారోళ్ళదనుకున్నాను."

"అంత తొందరగా ఎందుకు కోసీసేరు?"

సింహాద్రి తల దించుకున్నాడు. వీధంతా చెవులు రిక్కించింది.

"ఆలస్యమైతే ఆయనకిచ్చెయ్యమంటావేమోనని," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అరుణజ్యోతి పెదవుల చివర నవ్వు కదిలింది గాని, వెంటనే సర్దుకుంది. "పొద్దున్న ఎవరికిచ్చారని అడిగి లేచిపోయారు. ఎందుకిచ్చారో వింటేనే కేసు చదివినట్టు. పెంపుడుకోడిని తరిమినా పట్టినా సొంతదారుదేనని ఇందాక మీ పక్షాన చెప్పాను, ఇప్పుడు అదే మాట అత్త పక్షాన చెప్తున్నాను. కోసినది ఆవిడదే. తెలియక చేసినా నష్టం మీదే కాబట్టి, సంచిలోదీ ఆవిడకే ఇవ్వండి. పట్టిచ్చిన మురళీధర్ గారు రెండూ మోసుకెళ్ళి ఇంట్లో దింపుతారు."

మురళీధర్ ఒక చేత్తో బతికిన కోడిని, ఇంకో చేత్తో బతకని కోడిని పట్టుకుని పోలమ్మ వెనకాల నడిచాడు. ఇంటికి చేరగానే ఫోనులో మెసేజ్ పెట్టాడు, ఇకమీద ఆదివారాలు తీరిక ఉండదని.

మధ్యాహ్నం ఆ ఇంట్లో చారూ అప్పడమూ అయ్యాయి. సింహాద్రి అప్పడం విరుచుకుంటూ లెక్క వేసుకున్నాడు. వీధిలో పరువు పోయింది, కోడీ పోయింది. కాని తనను నిలదీసినంతసేపూ అరుణజ్యోతి ఇంకెవరి మొహమూ చూడలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె తనను అన్ని ప్రశ్నలు వరసగా ఎప్పుడూ అడగలేదు. ఓడిపోయినందుకు లోపల ఇంత హాయిగా ఉందేమిటని అతనికే సిగ్గేసింది.

"రేపట్నుంచి ఎదురుపార్టీ మీరేనండి," అంది అరుణజ్యోతి మజ్జిగ పోస్తూ. "కేసు ఎలగ చదవకూడదో మీ దగ్గర తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలీదు."

మర్నాడు సాయంత్రం సింహాద్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓడిపోవడానికి అరగంట ముందే వచ్చి కూర్చున్నాడు.