గాజుతొట్టిలో పొన్నగంటి

ఆ శనివారం పొద్దున్న ప్రేమదాసు మాస్టారు పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. కిటికీ దగ్గరున్న గాజుతొట్టిని పెరటి వసారాలోకి చేర్చి, అద్దాలకు పట్టిన నాచు తుడిచి, పదకొండు గంటల ప్రార్థన వేళకు భార్య ఫొటో పక్కన పెట్టాలి. రత్నమణి పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. నందిగామలో ఆవిడను ఎరిగినవాళ్ళందరినీ జ్ఞాపకార్థ కూడికకు పిలిచాడు.

ఆ తొట్టి రత్నమణిది. ఆవిడ బళ్ళో పిల్లలకు మొక్కల పాఠం చెప్పేది. బెజవాడలో ఇనప చట్రం చేయించి, అద్దాలు బిగించి, మునేటి ఇసుక పోసి నీళ్ళలో తోట పెంచింది. కాలవగట్టు మీది ఎర్ర పొన్నగంటి, వరిచేలో కలుపని పీకి పారేసే గులాబీ రంగు మొక్క, సన్నాకుల పచ్చది ఒకటి. చేలో ఉన్నప్పుడు ఎవరూ తల తిప్పి చూడని ఆ కాడలు ఎండపడే కిటికీలో, నీళ్ళకింద పట్టుచీర కొంగులా మెరిసేవి. ఆవిడ నోటుబుక్కులో రాసిపెట్టింది: "వారానికోసారి చివర్లు తుంచాలి. తుంచినచోట రెండు చిగుళ్ళు వేస్తుంది. తుంచకపోతే అడుగున ఆకు రాలి కాడ చచ్చిపోతుంది."

ఆ పేజీని మాస్టారు ఏడాదిలో వందసార్లు చదివాడు. ఒక్కసారీ తుంచలేదు. ఆవిడ చేత్తో నాటినదాని మీద గోరు పెట్టడానికి మనసొప్పలేదు. కాడలు నీటి పైదాకా సాగి అడ్డంగా వాలిపోయాయి. అడుగున ఆకంతా రాలింది. మొక్కలు పోతున్నాయని ఆయనకు తెలుసు, ఎందుకు పోతున్నాయో ఇంకా బాగా తెలుసు. కత్తెర పట్టుకుని తొట్టి ముందు కాసేపు నిలబడేవాడు, మళ్ళీ దాన్ని సొరుగులో పెట్టేసేవాడు. భూస్థాపననాడు కూడా ఏడవని మనిషి, ఆ సొరుగు మాత్రం చప్పుడు కాకుండా మూసేవాడు.

సగం నీళ్ళు తోడేసి, పక్కింటి పుల్లయ్య చెయ్యి వేస్తే తొట్టి వసారాలోకి చేరింది. అద్దాలు తుడిచేలోపే బస్సు వేళయింది. పాస్టరు ఇశ్రాయేలుగారిని తీసుకురావడానికి మాస్టారు బస్టాండుకు వెళ్ళాడు.

వంటింట్లో ఆయన అక్క ఆరోగ్యమ్మ నలభైమందికి వండుతోంది. ఆవిడ జగ్గయ్యపేట నుంచి మొదటి బస్సుకే దిగింది. తెచ్చిన గోంగూర మాత్రం సీటు కింద ఉండిపోయి బెజవాడ వెళ్ళిపోయింది. ఆకుకూర పడని పప్పు పెట్టడమంటే ఆవిడ దృష్టిలో పోయినవాళ్ళను అవమానించడమే. ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వస్తే, వసారాలో నీళ్ళనిండా పొన్నగంటి కనిపించింది.

"ఎంత పనిమంతురాలివే రత్నం," అని ఆరోగ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "కూర వాడిపోకుండా నీళ్ళల్లోనే పెంచావా."

కూరమొక్కను వేళ్ళతో పీకడం ఆవిడకు గిట్టదు. మళ్ళీ కోతకు రావాలి కదా. వేరు కదలకుండా, కణుపు మీదికి లేత చివర్లు మాత్రం గిల్లి పళ్ళెం నింపుకుంది. గులాబీదీ పచ్చదీ కూడా లేతగానే ఉన్నాయని వాటినీ వదల్లేదు.

మాస్టారు తిరిగొచ్చేసరికి తొట్టిలో మోడులున్నాయి. పక్కన పుల్లయ్య మేక తీరిగ్గా నెమరేస్తోంది.

"పుల్లయ్యా, నీ మేక ఏం తిన్నదో తెలుసా?" మాస్టారు కేకేశాడు.

"తుమ్మకాయలేనండి. నేనే వేసా."

"నా రత్నాన్ని తినేసింది."

పుల్లయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, నెమ్మదిగా పాస్టరుగారి దగ్గరికి నడిచాడు. "అయ్యగారూ, మాస్టారికి మతి చెడినట్టుందండి. అమ్మగారిని మేక తినేసిందంటున్నారు."

పాస్టరుగారు కంగారుగా వసారాలోకి వచ్చేసరికి, మాస్టారు మేక దవడలు విడదీసి పళ్ళకు ఎర్రరంగు అంటిందేమో చూస్తున్నాడు. చుట్టాలంతా గుమ్మంలో నిలబడిపోయారు. దాంతో ఎవరికీ ఏ సందేహమూ మిగల్లేదు. పాస్టరుగారు తెచ్చుకున్న ఓదార్పు ప్రసంగం పక్కన పెట్టి మనశ్శాంతి కోసం గంటసేపు ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు ఏడ్చారు. వంటింట్లో పొయ్యి దగ్గరున్న ఆరోగ్యమ్మకు ఆ ఏడుపులు తప్ప మాటలేవీ వినపడలేదు. తొట్టి సంగతి చెబుదామని మాస్టారు నోరు తెరిచినప్పుడల్లా "అలాగే మాస్టారూ, అలాగే" అని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. పుల్లయ్యకు మాత్రం రోషం వచ్చింది. "మేకను దొంగంటే నన్నన్నట్టే. ఈ ఇంట్లో మెతుకు ముట్టను," అని మేకను తోలుకుని వెళ్ళిపోయాడు.

భోజనాలు వడ్డించారు. రెండు ముద్దలు తిని మాస్టారు తలెత్తాడు. ఏడాదిగా ఆయన ఏ కూర రుచీ ఎరగడు.

"ఇంకొంచెం పప్పు వెయ్యక్కా."

ఆరోగ్యమ్మ మొహం వికసించింది. "తినరా. మరదలు పెంచిన కూరేగా. తొట్టి నిండా ఉంటే గిల్లుకొచ్చా."

ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. పంక్తిలో నలభై చేతులూ ఆగాయి. ఉమ్మడానికి వీల్లేదు, మింగడానికి మనసొప్పడం లేదు. చివరికి మింగాడు. మింగిన తరవాత విస్తరి ముందు కూర్చునే ఏడ్చాడు, ఏడాదిపాటు దాచుకున్నదంతా ఏడ్చాడు. ఏం తప్పు చేశానో తెలియక, ఆరోగ్యమ్మ తమ్ముడి తల పొట్టకు ఆనించుకుని తనూ ఏడ్చింది.

సాయంత్రం మాస్టారు గిన్నెలో పప్పన్నం పట్టుకుని పుల్లయ్య ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. గిన్నె అందుకుని పుల్లయ్య పాక వైపు చూపించాడు. "దానికీ ఓ మాట చెప్పండి మాస్టారూ." మాస్టారు వెళ్ళి దానికీ చెప్పాడు.

పది రోజులకు, గిల్లిన ప్రతి కణుపు దగ్గరా రెండేసి చిగుళ్ళు లేచాయి. నెల తిరిగేసరికి తొట్టి అడుగునుంచీ ఎర్రగా, గులాబీగా, రత్నమణి ఉన్నప్పటికంటే గుబురుగా నిండింది. మాస్టారు నోటుబుక్కు తీసి ఆ పేజీ చదివాడు. కత్తెర తీశాడు. మళ్ళీ సొరుగులో పెట్టేసి, జగ్గయ్యపేటకు కార్డు రాశాడు: "అక్కా, చివర్లు ముదురుతున్నాయి. నావల్ల కాదు. శనివారం రా."

ఆరోగ్యమ్మ కందిపప్పు మూట కట్టుకుని మొదటి బస్సుకే దిగింది. ఈసారి గోంగూర తేలేదు.