క్లచ్ కవర్‌లో కొసరు

కొలతకు సరిగ్గా పోసి చేయి వెనక్కి తీసుకునేవాడు మనిషి కాడు. ఇది రుద్రూర్ కాశయ్య నలభై ఏళ్లుగా నమ్ముతున్న సత్యం. పాఠకులారా, మోటార్ సైకిళ్లు తయారుచేసేవాళ్లకు ఈ సత్యం ఇంకా తెలియకపోవడం మన దౌర్భాగ్యం!

కాశయ్య ఇంట్లో చాయ్ తాగి చూడండి. సాసర్‌లోకి పొర్లితేనే అది చాయ్. ఆయన భార్య హన్మవ్వ పాలు అమ్ముతుంది. లీటరు కొలిచాక పైన మరికొంచెం ఒంపకపోతే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. చెరుకు గడలు పది అడిగినవాడికి పదకొండోది కాశయ్యే భుజాన పెట్టి పంపుతాడు. కొసరు అంటారు దీన్ని. కొసరు లేకుండా సరుకు తెచ్చుకున్నవాణ్ని ఇంట్లో పిల్లి కూడా లెక్కచేయదు. అవునా, కాదా?

అట్లాంటి మనిషికి ఒక పాత బుల్లెట్ ఉంది. దానికి ఇంజన్ ఆయిల్ ఒకచోట పోయాలి, ఎడమ కాలి దగ్గరుండే క్లచ్ కవర్‌లో వేరే పోయాలి. క్లచ్ ప్లేట్లు, వాటిని తిప్పే చైను ఆ కవర్ లోపలే ఉంటాయి. పోయడానికి పైన ఒక మూత, కింద ఒక చిన్న మర. ఆ మరను లెవల్ స్క్రూ అంటారు. కాశయ్య దృష్టిలో ఈ భూమ్మీద అంత పిసినారి వస్తువు మరొకటి లేదు.

ఎందుకో వినండి. ఆదివారం కోడలు వినీతకు నిజామాబాద్‌లో సర్కారు కొలువు పరీక్ష. ఐదేళ్లకు పడిన నోటిఫికేషన్. బిడ్డను చంకలో వేసుకుని ఏడాదిన్నర చదివింది. బండి దారిలో ఆగకూడదని కాశయ్య శుక్రవారమే బోధన్ వెళ్లి మెకానిక్ జాఫర్‌కు చూపించాడు. కొత్త ఆయిల్ డబ్బా తానే కొనిచ్చాడు.

జాఫర్ బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టాడు. "సైడ్ స్టాండ్ మీద సూస్తే ఆయిల్ ఒక దిక్కు ఒరుగుతది కాశన్నా, అబద్ధం సెప్తది. బండి సక్కగ నిలబడాలె." డబ్బాలో సగం కూడా పోయలేదు, ఆపాడు. ఆపి ఊరుకున్నాడా? లెవల్ స్క్రూ విప్పాడు! లోపలికి వెళ్లిన ఆయిల్‌లో కొంత సన్నటి ధారగా బయటికి వచ్చింది.

కాశయ్య ఆ ధార కింద అరచేయి పట్టాడు. "గదేంది జాఫర్, పోసిందాన్ని ఒలకబోస్తున్నవ్?"

"ఎక్కువైంది బయటికొస్తదన్నా. ధార ఆగిందంటే లెవల్ సరిపోయినట్టు. బస్, మూసేసుడే."

"జర కొసరు ఉండనియ్యరాదు?"

"బండికి కొసరు పడదన్నా."

పడదట! కాశయ్య సగానికి పైగా మిగిలిన డబ్బాను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. కోడలు పరీక్షకు పోయే బండి. దానికి కడుపు నిండా పెట్టకుండా పంపుతారా ఎవరైనా? శనివారం పొద్దున మూత తీసి, డబ్బా బోర్లించి, ఆఖరి చుక్క దాకా పోశాడు. కవర్ మూతి దాకా నిండింది. లెవల్ స్క్రూ జోలికి మాత్రం వెళ్లలేదు. పెట్టిన అన్నాన్ని కక్కించే అలవాటు ఆ ఇంట లేదు.

ఆదివారం ఎనిమిదికి మామా కోడళ్లు బయల్దేరారు. పది గంటలకు పరీక్ష. తొమ్మిదీ నలభై ఐదుకు గేటు మూస్తారు. ఎడపల్లి దాటాక బుల్లెట్ తన కృతజ్ఞత తెలుపుకోవడం మొదలుపెట్టింది. ఎక్సలేటర్ తిప్పితే ఇంజన్ సింహంలా గర్జిస్తోంది, చక్రం మాత్రం పెళ్లికూతురిలా అడుగేస్తోంది! వెనకనుంచి చెరుకు లోడు ట్రాక్టర్ వచ్చి దాటేసింది. దాని మీద కూర్చున్న భూమేష్‌ది రుద్రూరే.

"కాశన్నా, అరుసుడు పులిదీ, నడుసుడు బర్రెదీ!" అని అరిచి మరీ పోయాడు.

జానకంపేట దగ్గర బుల్లెట్‌కు ఆ నడకా ఆగింది. వినీత రోడ్డు మీద నిలబడి చేయెత్తింది. బస్సులన్నీ పరీక్షకు పోయేవాళ్లతో కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. ఆమె జాఫర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతి చెప్పింది.

"క్లచ్ జారుతున్నది. కాశన్నా, నిజం సెప్పు, మల్ల ఆయిల్ పోసినవా?"

కాశయ్య చెరుకు తోట వైపు చూశాడు. "మిగిలింది పోసిన."

"ఎంత?"

"మిగిలిందంతా."

"తోబా తోబా! ప్లేట్లు ఈత కొడుతున్నయన్నా లోపల. సాఫు జాగల డబుల్ స్టాండ్ ఎయ్యి. స్క్రూ తియ్యి. ధార బందయ్యేదాకా ఆగు. బండి ఒరగనియ్యకు."

చాయ్ హోటల్ ముందు సిమెంట్ గచ్చు ఉంది. ఇద్దరూ బండిని అక్కడికి తోసి నిలబెట్టారు. పానాతో స్క్రూ విప్పింది వినీతే. ఆయిల్ ధార కట్టింది. కాశయ్య గబగబా ఆమె నీళ్ల సీసా ఒలకబోసి కింద పట్టాడు. ఎక్కువైనదైనా నేలపాలు కారాదు కదా!

సీసా నిండింది. ధార దారమంతైంది. టైము తొమ్మిదీ పది.

"ఇగ సాలు బిడ్డా, మూసెయ్. జర ఉండనీ లోపల."

"మామా, నువ్వు జరంత సప్పుడు చెయ్యకు." పెళ్లయి వచ్చిన ఆరేళ్లలో వినీత ఆయనతో అట్లా మాట్లాడటం అదే మొదలు. ఆమె చూపు ఆ రంధ్రం మీదే ఉంది. దారం చుక్కలైంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఆమె పెదవులు కదిలాయి. చదివినవి గుర్తుచేసుకుందో, దేవుణ్నే తలచుకుందో. చుక్క ఆగాక స్క్రూ బిగించింది. తొమ్మిదీ ఇరవై రెండు.

బండి మొదట కాస్త జారింది, తర్వాత పట్టుకుంది. నిజామాబాద్ సందుల్లో కాశయ్య ఆ వయసులో నడపరానంత వేగంగా నడిపాడు. సెంటర్ గేటు ముందు వినీత బండి ఆగకముందే దిగి పరుగెత్తింది.

తొమ్మిదీ నలభై ఆరు. గేటుకు తాళం పడింది.

"ఒక్క నిమిషమేనక్కా," అంది వినీత ఊచల్లోంచి.

"నిమిషమైనా గంటైనా ఒక్కటేనమ్మా. రూల్," అంది లోపలున్న పోలీసమ్మ. ఆమె గొంతులో కోపం లేదు.

కాశయ్య హెల్మెట్ చేతపట్టుకుని ముందుకొచ్చాడు. "బిడ్డా, ఒక్క నిమిషం కొసరియ్యరాదు?"

"గీడ కొసరుండదు బాపూ."

చూశారా? నలభై ఏళ్లలో కాశయ్యకు తారసపడిన రెండో లెవల్ స్క్రూ అది. మొదటిది ఎక్కువైనదాన్నే బయటికి పంపింది. ఇది ఎవరిని పంపిందో మీరే చెప్పండి.

అయినా కాశయ్య సిద్ధాంతానికి వచ్చిన లోటేమీ లేదని సవినయంగా మనవి. కొసరు ఈ దేశంలో చచ్చిపోలేదు. గేటు దగ్గర నిమిషం కొసరివ్వని సర్కారు, ఏళ్లను మాత్రం ధారాళంగా కొసరిస్తుంది. ఈ నోటిఫికేషన్‌కు ఐదేళ్లు పట్టింది. వచ్చేదానికి మరో ఐదైనా కావచ్చు, కొసరుగా ఇంకో ఏడాది. అప్పటికి వినీతకు వయసు దాటుతుంది. అదొక్కటే అక్కడ కచ్చితంగా కొలుస్తారు!

తిరిగి వెళ్లేటప్పుడు జానకంపేటలో కాశయ్య చాయ్ చెప్పాడు. హోటలాయన గ్లాసు నిండా పోసి, అలవాటు కొద్దీ మరికాస్త పోయబోయాడు.

కాశయ్య గ్లాసు మీద అరచేయి అడ్డం పెట్టాడు.